పాయసం చేసిన రోజు

2019 డిసెంబరు 6 ఉదయం. టీవీ పెట్టగానే షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ వార్త. దిశ కేసులో నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారని. "పీడ విరగడైంది" అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి సేమ్యా పాయసం చేసి, పక్కింటికి కూడా ఓ గిన్నె పంపాను. నేనొక్కదాన్నే కాదు లెండి. ఆ రోజు చాలాచోట్ల స్వీట్లు పంచుకున్నారు, పోలీసుల మీద పూలు చల్లారు.

మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. ఎడమ చెంప వాచి ఉంది. ముందురోజు కూలి డబ్బుల దగ్గర గొడవై మొగుడు బజార్లోనే కొట్టాడట. పాయసం గిన్నె చేతికిస్తే గట్టు మీద పెట్టేసి అడిగింది.

"ఏ స్టేషన్‌కి పోవాలక్కా? మా ఇల్లు ఆంధ్రాలో ఉందాయె. కొట్టింది ఇక్కడ తెలంగాణలోనాయె."

మేముండేది భద్రాచలం. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు ఊరు మాత్రం తెలంగాణలో మిగిలింది. పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రా. కూరగాయలకూ, ఆసుపత్రికీ, గుడికీ జనం రోజూ రాష్ట్రం దాటి వస్తుంటారు. ఆ అమ్మాయిదీ అవతలి ఊరే.

నాకు జవాబు తెలియలేదు. "మా ఆయన వచ్చాక కనుక్కుంటాలే" అన్నాను. అడగడం మర్చిపోయాను. సంక్రాంతికి ఊరెళ్ళిన ఆ అమ్మాయి మళ్ళీ పనికి రాలేదు.

ఆ ప్రశ్న మాత్రం పోలేదు. బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని, చట్టాల సంగతి నాకేం తెలుసు? అయినా మధ్యాహ్నాలు కూర్చుని పాత కేసుల గురించి చదవడం మొదలుపెట్టాను. మన కోపానికి ఎంత చరిత్ర ఉందో, ఆ కోపం చల్లారాక ఏమైందో అప్పుడు తెలిసింది.

1978 మార్చి చివర్లో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్లో ఒక పేద ముస్లిం స్త్రీపై అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కే ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. జనం వీధుల్లోకి వచ్చారు, ఊరు అట్టుడికింది, కాల్పులు జరిగాయి. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. పోలీసులదే తప్పని కమిషన్ తేల్చింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. 1981లో అక్కడి కోర్టు నిందితులను వదిలేసింది. హైదరాబాద్‌లో కదిలిన ఆ జనంలో ఎందరు రాయచూరు దాకా వెళ్ళి ఉంటారు?

అదే కాలంలో ఇంకో కేసు. మన గోదావరిలో కలిసే వైన్‌గంగ పక్కన, మహారాష్ట్ర దేశాయిగంజ్‌లో 1972లో ఒక గిరిజన బాలికపై పోలీసు స్టేషన్లోనే అత్యాచారం జరిగింది. అదే మథుర కేసు. ఒంటిమీద గాయాల్లేవు కాబట్టి ఆమె ఇష్టపడినట్టేనని 1978లో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. అప్పుడు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దాన్ని పట్టుకుని దేశమంతా మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి పనిచేశాయి. 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారంలో "నాకు ఇష్టం లేదు" అని స్త్రీ చెబితే కోర్టు ఆ మాటను నిజమని భావించి మొదలుపెట్టాలి. ఆ బాలికకు న్యాయం జరగలేదు. ఆమె తర్వాత వచ్చినవాళ్ళకు మాత్రం ఒక ఆధారం దొరికింది.

మన ఏజెన్సీలోనే వాకపల్లి ఉంది. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. ధర్నాలు, నిజనిర్ధారణ కమిటీలు, పత్రికల నిండా వార్తలు. తర్వాత మనం మర్చిపోయాం. వాళ్ళు మాత్రం హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది నిందితులనూ విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూ, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వమంది. అంటే పదహారేళ్ళ తర్వాత వచ్చిన ఆ తీర్పు వెనక, మొదట్లో చేయాల్సినట్టు చేయని దర్యాప్తు ఉంది. వాంగ్మూలం, వైద్యపరీక్ష, నిందితుల గుర్తింపు – ఇవన్నీ మొదటి రోజుల పనులు. అప్పుడు పక్కన నిలబడే మనిషి కావాలి. మనం చాలాసార్లు చివరికి వస్తాం.

దిశ విషయంలోనూ అంతే. కూతురు కనబడలేదని వెళ్తే, అది ఎవరి పరిధో తేల్చడంలోనే పోలీసులు విలువైన సమయం పోగొట్టారని కుటుంబం చెప్పింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఎన్‌కౌంటర్ చప్పుడులో ఆ "పరిధి" మాట ఎవరికీ వినబడలేదు, నాకూ వినబడలేదు. ఆ ఎన్‌కౌంటర్ కావాలని చేసిందేనని, పది మంది పోలీసులపై హత్య విచారణ జరగాలని జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక ఇచ్చింది. 2022లో అది బయటికొచ్చే నాటికి నా పాయసం ఎప్పుడో అరిగిపోయింది.

దిశ కంటే మూడు రోజుల ముందు, నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లా ఎల్లాపటార్ దగ్గర, ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపారు. ఆమెకు సమత అని పేరు పెట్టారు. ఆమె కోసం ఇంత గోల జరగలేదు. ప్రత్యేక కోర్టు పెట్టారు, సాక్షులొచ్చి చెప్పారు, జనవరి 30న ఆదిలాబాద్‌లో తీర్పు వచ్చింది. ముగ్గురూ దోషులని తేలింది. ఉరిశిక్ష మంచిదా కాదా అన్నది వేరే సంగతి. పద్ధతి ప్రకారం పోయినా రెండు నెలల్లో తేల్చవచ్చని మాత్రం ఆ కేసు చూపించింది.

ఇంతకీ ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. 2006 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం ప్రకారం, స్త్రీ తానుండే చోటైనా, పని చేసుకునే చోటైనా, హింస జరిగిన చోటైనా అక్కడి మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. అంటే మా ఇంట్లో అంట్లు తోముకోవడమే ఆమెకు భద్రాచలంలో హక్కు ఇచ్చింది. కేసు కట్టదగిన నేరమైతే ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు. 2024 జులై నుంచి ఇది చట్టంలోనే ఉంది. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు.

ఇవన్నీ కాగితం మీద రాసి వంటింటి అలమర తలుపుకు లోపలివైపు అంటించాను. ఇప్పుడు పనికొచ్చే ఆమె చదవలేదు, అందుకని ఒకరోజు కూర్చోబెట్టి చదివి వినిపించాను. "ఎందుకమ్మా ఇయ్యన్నీ?" అంది. మొదటి అమ్మాయి సంగతి చెప్పాను.

ఆ అమ్మాయి ఊరు తెలుసు గానీ ఇల్లు తెలియదు. ఈ ఆదివారం ఎటపాక మీదుగా వెళ్ళి అడిగి చూద్దామనుకుంటున్నాను.