గుంటుపల్లి ప్రదక్షిణము

నూజివీడు పేరు చెప్పగానే శ్రోతలకు మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి అను పేర్లు తెలుగుదేశమున పసిపిల్లలకు కూడ కంఠస్థములు. ఆ మామిడి సీమకు ఉత్తరపు కొసన చాట్రాయి యున్నది. అయినను ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది పండ్లను గూర్చి కాదు. ఆ తోటల నడుమ బయలుదేరి, ఏరు దాటి, మెట్ట బయళ్లు దాటి, రెండువేల ఏండ్ల నాటి ఒక బౌద్ధ సంఘారామపు శిథిలములను చుట్టి, వేరొక దారిన మరల చాట్రాయి చేరు ఒక నడకను గూర్చి చెప్పదలచినాము.

బయలుదేరిన చోటికే వచ్చి చేరు నడకను మనవారు ప్రదక్షిణము అన్నారు. ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవుట ప్రయాణము. దానికి ప్రయోజనము గమ్యస్థానముననే యున్నది. ప్రదక్షిణమునకు గమ్యము వేరుగా లేదు, నడకయే ప్రయోజనము. గుడిచుట్టు తిరిగినను, గిరిచుట్టు తిరిగినను అంతే. ఈ అలవాటు మన దేశమున ఎంత ప్రాచీనమైనదో తెలిసికొనుటకు గుంటుపల్లి కంటె మంచి తావు తెలుగునాట అరుదు.

మేము మాఘమాసమున చాట్రాయి విడిచి తూర్పుదిక్కుగా నడచితిమి. అప్పటికి మామిడి పూత నిండుగా ఉండెను. తోటలు దాటినంతనే తమ్మిలేరు ఎదురగును. ఇది పెద్ద నది కాదు. ఎగువ తెలంగాణపు నేలలో పుట్టి, చింతలపూడి సమీపమున నాగిరెడ్డిగూడెమువద్ద జలాశయమై నిలిచి, ఏలూరు పట్టణముమీదుగా కొల్లేటిలో కలియును. వేసవిలో ఇసుకయే గాని నీరు కానరాదు. వానకాలమున మాత్రము ఒక్కరాత్రిలో గట్లు తెంపుకొని రాగలదు. ఏలూరు ప్రజలకు దీని కోపము బాగుగా తెలియును.

1925లో కృష్ణా జిల్లానుండి పశ్చిమగోదావరి వేరుపడినపుడు చాట్రాయి ఒక జిల్లాలోను, గుంటుపల్లి వేరొక జిల్లాలోను ఉండిపోయినవి. 2022లో రెండును ఏలూరు జిల్లాలో చేరినవి. కాగితముపై గీతలు మారినను ఏటికి ఇరువైపుల నేల ఒక్కటే: ఎర్ర గరువు, గులకరాయి, తాటిచెట్టు, ముళ్లతుప్ప, నడుమనడుమ తోట.

ఏరు దాటి చింతలపూడి మీదుగా ఆగ్నేయమునకు మరలినచో కామవరపుకోట మండలములోని గుంటుపల్లి, జీలకర్రగూడెము గ్రామములు వచ్చును. అచట ఉన్నట్టుండి మెట్టనేల లేచి కొండయగును. లోయ అర్ధచంద్రాకారముగ ఒదిగియుండును. ఊరి సందడి అక్కడికి వినిపించదు గాని భిక్షకు పోయి మధ్యాహ్నములోపల తిరిగిరాగలిగినంత దూరముననే ఊరుండును. బౌద్ధభిక్షువులు ఇట్టి తావులనే కోరుకొనుచుండిరి.

వారు ఈ కొండకు ఎట్లు చేరిరి? భిక్షువు స్వభావముచేత నడచువాడు. ఒకచోట ఇల్లు కట్టుకొనుట అతనికి తగదు. కాని వానకాలమున బాటలు బురదయగును. నడచువాని పాదముల క్రింద పచ్చిక, పురుగు నలిగిపోవును. అందుచేత వర్షర్తువున మూడు నెలలు ఒక్కచోట నిలువవలెనని బుద్ధుడు నియమించెను. దానిని వర్షావాసము అందురు. ఆ మూడు నెలల నిలుకడకు కావలసిన చూరు కాలక్రమమున గుహయైనది, గుహ విహారమైనది, విహారము సంఘారామమైనది. బుద్ధునికి లభించిన ఆవాసములలో మామిడితోటలు కూడ ఉన్నవి. రాజగృహమున వైద్యుడు జీవకుని తోట, వైశాలిలో ఆమ్రపాలి తోట అట్టివే. మామిడి సీమనుండి నడచివచ్చిన మాకు ఆ మాట జ్ఞప్తికి వచ్చి సంతోషమైనది.

రెండవ కారణము బాట. ఏలూరు సమీపమున నేటి పెదవేగియే ప్రాచీన వేంగి. అచటినుండి కళింగమునకు, ద్రావిడమునకు, కర్ణాటమునకు, మహారాష్ట్రమునకు, కోసలమునకు ఐదు బాటలు చీలుచుండెననియు, తెలుగుదేశపు బౌద్ధక్షేత్రములు ఈ బాటల వెంబడిని పూసలవలె ఉన్నవనియు ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రే చూపెను. గుంటుపల్లి కోసలమునకు పోవు బాటమీదిది. వర్తకుడు బండ్లతో పోవుచుండెను. భిక్షువు కాలినడకను పోవుచుండెను. ఒకరికి తోడు కావలెను, మరియొకరికి అన్నము కావలెను. సంఘారామములు ఈ ఇరువురి పొత్తువలన పెరిగినవి.

ఇక కొండయెక్కి చూతము. మెట్లు ముగిసిన పిమ్మట రాతిని తొలిచిన విహారములు వరుసగా కనుపించును. గదులు చిన్నవి, ఒక మనిషి పడుకొనుటకు, కూర్చుండుటకు చాలినంత. వాకిళ్లపై గుఱ్ఱపులాడపు ఆకారమున తోరణములు చెక్కియున్నవి. మీదుగా పోయినచో ఇటుకలతో కట్టిన చైత్యగృహపు పునాదులును, గజపృష్ఠాకారమున వంపు తిరిగిన గోడలును కలవు. అచ్చటచ్చట రాతితోను ఇటుకతోను కట్టిన చిన్న స్తూపములు అరువదికి పైగా ఉన్నవి. ఇవి భక్తులు మ్రొక్కుబడిగా కట్టించినవి. ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క కుటుంబపు కోరికయో కృతజ్ఞతయో ఉండవలెను. వాటిని కట్టించినవారి పేర్లు రాతికెక్కలేదు.

పేరు రాతికెక్కిన ఒక సామాన్యుని కథ మాత్రము చెప్పవలెను. కొండపై ఒక శిథిల మండపపు స్తంభములమీద బ్రాహ్మీలిపిలో ఒకే దానశాసనమును మరల మరల చెక్కినారు. కళింగ మహిషక దేశాధిపతియు, మహామేఘవాహన వంశీయుడును అగు సిరిసద మహారాజు పేరు అందు గలదు. ఈ మహామేఘవాహన వంశము హాథిగుంఫా శాసనముచేత ప్రసిద్ధుడైన ఖారవేలుని వంశము. అయితే మండపమును దానము చేసినది రాజు కాదు. ఆయన లేఖకుడు చులగోముడు. వ్రాతపని చేసి జీవించిన ఒక ఉద్యోగి తన సంపాదనతో భిక్షువులకు నీడ కల్పించెను. సిరిసదుని పేరు మనకు దక్కుటకు అతని రాజ్యమెంత తోడ్పడినదో ఈ లేఖకుని దానము కూడ అంత తోడ్పడినది. కలముతో బ్రతుకు మావంటివారికి ఆ స్తంభములవద్ద కొంతసేపు నిలువబుద్ధి పుట్టుట వింత కాదు.

మరియొక శాసనమున ఈ కొండకు మహానాగపర్వతమని పేరు కలదు. వేంగిని రాజధానిగ చేసికొని ఏలిన శాలంకాయనులలో నందివర్మ నాటి శాసనము కూడ ఇక్కడ దొరికినది. ఇట్లు క్రీస్తుకు పూర్వపు శతాబ్దములనుండి కొన్ని వందల ఏండ్లు ఈ కొండ దీపము ఆరలేదు. 7వ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ఆంధ్రదేశమునకు వచ్చినపుడు వేంగి రాజ్యమున ఇరువది చిల్లర సంఘారామములు, మూడువేల మంది భిక్షువులు ఉన్నారని వ్రాసెను. ఆ పిమ్మట క్రమముగా భిక్షువులు పలుచబడిరి. రాజుల దానములు ఇతర దేవాలయములకు మరలినవి. బాటల రద్దీ మారినది.

ఈ కొండకు హృదయమనదగినది గుండ్రని చైత్యగుహ. దాని అడ్డుకొలత సుమారు 18 అడుగులు. లోపల నడుమ రాతిలోనే మలచిన స్తూపము, దానిచుట్టు ఒక్క మనిషి నడువదగిన సన్నని దారి. తలయెత్తి చూచినచో కప్పు గొడుగువలె వంగి, వాసములు అమర్చినట్టు రాతిపట్టీలు కానవచ్చును. రాతికి వాసములు అవసరము లేదు. మరి శిల్పి వాటిని ఎందుకు చెక్కెను? అతడు అంతకుముందు ఎరిగిన ఇల్లు కఱ్ఱతోను గడ్డితోను కట్టినది. మన పల్లెల చుట్టిల్లు ఎట్టిదో దాని రూపమే ఇక్కడ రాతిలో నిలిచినది. బీహారమున బరాబరు కొండలలో అశోకుడు ఆజీవకులకు ఇచ్చిన సుదామ గుహలో కూడ గుండ్రని గుడిసె ఆకారము కలదు. ఇంత దూరపు రెండు తావులలోను శిల్పులు గుడిసెను తలచుకొనియే కొండను తొలిచినారు.

స్తూపమును కుడివైపున ఉంచుకొని మేము ఆ దారిన తిరిగితిమి. మూడు నాలుగు పదుల అడుగులలో ప్రదక్షిణము పూర్తియగును. నేల నునుపు తేలియున్నది.

ఈ గుహను ప్రజలు చైత్యమని పిలువలేదు; ధర్మలింగేశ్వరుని గుడి యన్నారు. స్తూపము వారికి శివలింగమైనది. కొందరు విద్యావంతులు దీనిని అజ్ఞానమని నవ్వుదురు. మాకు నవ్వు రాలేదు. సమీపక్షేత్రములకు ఏమి గతి పట్టినదో చూడుడు. అమరావతి మహాస్తూపమును 1798లో కర్నలు మెకంజీ చూచునాటికే దాని రాళ్లు క్రొత్త కట్టడములకు తరలిపోవుచుండెను. పాలరాతి ఫలకములు కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు 19వ శతాబ్దమున ప్రభుత్వపు పనులకే పోయినవి. జగ్గయ్యపేట స్తూపము కూడ రాళ్లు తవ్వుకొనువారి చేతికి చిక్కినది. ఆ దిబ్బలకు మ్రొక్కువారు మిగులలేదు. మ్రొక్కువారు లేని రాయి వట్టి రాయి యగును.

కొండను తొలిచిన గుహను బండ్లపై ఎత్తుకొనిపోలేరనుట నిజమే. కాని లోపలి స్తూపమును గునపముతో పగులగొట్టుట కష్టము కాదు. దానిని కాపాడినది రాజు కాదు, చట్టము కాదు. దేవుని పేరు మారినను ప్రదక్షిణము మానని పల్లెవారి పాదములు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున రాబర్టు సూయెల్, అటుపిమ్మట అలెగ్జాండరు రే వంటి అధికారులు వచ్చి కొలతలు వ్రాసికొనిరి. కేంద్ర పురావస్తుశాఖ రక్షణ అటుపిమ్మట వచ్చినది. వారు చూచుటకు స్తూపము మిగిలియుండినది గనుకనే ఆ కొలతలకు విలువ.

తిరుగుదారి ధర్మాజీగూడెము, లింగపాలెము మీదుగా పెట్టుకొంటిమి. ఇచట మాకొక చిక్కు వచ్చినది. ఏటికి చేరవలసిన పుంత రెండు తోటల కంచెలమధ్య సన్నగిలి, తుమ్మముళ్లలో మాయమైనది. పాత గ్రామపటములలో పుంత వెడల్పుగా ఉండును. నేలమీద పాముజాడంత కూడ లేదు. మేకలు కాచుకొను ఒక ముదుసలి మమ్ము చూచి జాలిపడి చుట్టు దారిన ఏటివరకు దిగబెట్టెను.

"ఇది మా తాతల నాటి బండిపుంత బాబూ. ఎవరో ఆక్రమించారని అంటారు గానీ, ముందు మనమే నడవడం మానేశాం. నడవని దారిని ముళ్లు ఊరుకుంటాయా?" అని అతడనెను.

ఆ మాట వినగానే మాకు ఇంగ్లండు చరిత్ర స్ఫురించినది. 8వ హెన్రీ 1536 మొదలు నాలుగైదు ఏండ్లలో ఆ దేశపు క్రైస్తవ మఠములనన్నిటిని మూసివేయించెను. పైకప్పుల సీసము కరగించి అమ్మిరి. గోడలు గాలికి వానకు విడిచిరి. యార్కుషైరు బయళ్లలో, ఏటిలోయలలో ఆ శిథిలములు నేటికిని ఉన్నవి. సెలవునాడు జనులు రొట్టె మూట కట్టుకొని, బయలుమీదుగా పోయి, మఠమును చూచి, ఏటిగట్టున తిరిగి వత్తురు. అది కూడ ఒక ప్రదక్షిణమే. అయితే ఆ నడక వారికి ఊరక రాలేదు. భూస్వాములు బయళ్లు మూసివేయగా 1932 ఏప్రిలులో వందలకొలది కార్మికులు కిండరు స్కౌటు అను మెట్టపైకి నిషేధమును త్రోసి నడచిరి. ఐదుగురు చెరసాలకు పోయిరి. ఇరువది ఏండ్లు అడ్డులేక ప్రజలు నడచిన దారి ప్రజలదేయని తలపవలెనను చట్టము కూడ ఆ యేడే వచ్చినది. 1949 చట్టముచేత కాలిబాటలన్నిటికి పటములు తయారు చేయవలసిన బాధ్యత స్థానిక ప్రభుత్వములపై పడినది.

మన పుంతలు, డొంకలు మన గ్రామపటములలో ఎప్పటినుండియో ఉన్నవి. క్రొత్తగా గీయ నక్కరలేదు. కావలసినది వాటిపై పాదము మోపువారు. తారురోడ్డు వచ్చినది, మోటారు వచ్చినది, ఇవి మేలైనవే. రోగిని ఆసుపత్రికి చేర్చుటకు పుంతను నమ్ముకొనుమని మేము చెప్పము. కాని మోటారు మనలను గుంటుపల్లి కొండక్రింద దింపి తిరిగి తెచ్చునే గాని ఆ కొండ అక్కడనే ఎందుకున్నదో చెప్పదు. ఏరు దాటినవానికి, మెట్ట ఎండలో నడచినవానికి, సాయంకాలము నీడ వెదకికొన్నవానికి ఆ గుహలు ఎందుకు తొలిచిరో ఒకరు చెప్పనక్కరలేదు.

పోదలచినవారు మామిడి కాయలకు ముందుగా, చలి తగ్గుకాలమున పొండు. దప్పికకు నీరు వెంట ఉంచుకొనుడు. మ్రొక్కుబడి స్తూపములపై ఎక్కి కూర్చుండకుడు. పిల్లలను గోడలపై పేర్లు వ్రాయనీయకుడు. చులగోముని పేరు చాలును. గుండ్రని గుహలో స్తూపమును కుడివైపున ఉంచుకొని నెమ్మదిగా తిరుగుడు. మీరు దానిని చైత్యమన్నను ధర్మలింగమన్నను దారి ఒక్కటే.

మేము మూడవనాటి చీకటి పడువేళకు చాట్రాయి చేరితిమి. బయలుదేరిన తోటలే, అదే పూత వాసన. మామీద పుంతముళ్ల గీతలు నాలుగైదు ఉండెను. ఏటిదరిన మమ్ము విడిచిన ముదుసలి, తన మేకలను మేము వచ్చిన ఆ దారినే తోలుకొని వెనుకకు పోవుట మేము చూచితిమి. మరునాటికి ఆ ముళ్లు కొంచెము తొలగియుండునని మా నమ్మకము.