సాక్స్ ఇంటర్‌ఫేస్ పరిణామం: ప్రయోగదశ అభిప్రాయాలు, ఎడిటర్ల అవసరాలు

ఎక్స్ఎమ్ఎల్ 1.0 నిర్దేశం 1998 ఫిబ్రవరి 10న అధికారిక సిఫారసు స్థాయికి చేరింది. అప్పటికే జావా భాషలో లార్క్, ఎల్ఫ్రెడ్ వంటి పార్సర్లు వాడుకలో ఉన్నాయి. పత్రాన్ని చదివి అందులోని అంశాలను విడదీసి అనువర్తనానికి అందించడం పార్సర్ పని. అయితే ఒక్కొక్క పార్సర్‌ది ఒక్కొక్క ఇంటర్‌ఫేస్. జంబో అనే ఎక్స్ఎమ్ఎల్ బ్రౌజర్‌ను రూపొందించిన రసాయనశాస్త్రవేత్త పీటర్ మర్రే-రస్ట్‌కు ఇది పెద్ద చిక్కైంది. ఒక పార్సర్‌ను తీసి మరొకదాన్ని అమర్చదలిస్తే అనుసంధాన కోడ్‌ను మళ్లీ రాయవలసి వచ్చేది. ఏ పార్సర్‌నైనా తగిలించుకోగల ఉమ్మడి ఇంటర్‌ఫేస్ ఉండాలని ఆయన కోరారు. 1997 డిసెంబరులో మొదలైన బహిరంగ చర్చను సమన్వయపరచినవారు ఎల్ఫ్రెడ్ కర్త డేవిడ్ మెగిన్సన్. 1998 జనవరిలో ముసాయిదా, మే 11న సాక్స్ 1.0 వెలువడ్డాయి. దీని వెనుక ప్రమాణసంస్థ ఏదీ లేదు. వాడినవారి ఆమోదమే దానికి ప్రామాణికత.

అయితే ఆ వాడినవారందరి అవసరాలూ ఒకటి కావు. దత్తాంశాన్ని మాత్రమే గ్రహించే అనువర్తనానికి పత్రంలోని వ్యాఖ్యలతో పనిలేదు. కనుక సరళత కోసం తొలి సాక్స్ వాటిని వదిలివేసింది. సీడేటా భాగాల హద్దులనూ తెలియజేయలేదు. ఎడిటర్ దృష్టిలో ఇది చిన్న లోపం కాదు. కేవలం సాక్స్ 1.0 ద్వారా చదివిన పత్రాన్ని తిరిగి భద్రపరిస్తే రచయిత రాసుకున్న వ్యాఖ్యలన్నీ మాయమవుతాయి.

1999 జనవరిలో నేమ్‌స్పేసుల సిఫారసు రావడంతో మార్పు తప్పలేదు. 2000 మే నెలలో వచ్చిన సాక్స్ 2.0లో డాక్యుమెంట్ హ్యాండ్లర్ స్థానాన్ని కంటెంట్ హ్యాండ్లర్ ఆక్రమించింది. పాత పార్సర్లు మూలపడకుండా అడాప్టర్ తరగతులను సమకూర్చారు. వ్యాఖ్యలు, సీడేటా హద్దులు లెక్సికల్ హ్యాండ్లర్ అనే వేరొక ఇంటర్‌ఫేస్‌లో చేరాయి. దాన్ని అమలుపరచడం పార్సర్ ఇష్టానికే వదిలారు. కొత్త సౌకర్యాలకు యూఆర్ఐ రూపంలో పేర్లు పెట్టి, పార్సర్‌ను అడిగి తెలుసుకునే పద్ధతినీ ప్రవేశపెట్టారు. తలుపు మూయకుండానే ఇల్లు చిన్నదిగా ఉంచిన ఈ ఏర్పాటు సాక్స్ 2.0లోని అత్యంత వివేకవంతమైన నిర్ణయమని చెప్పాలి.

ఎడిటర్ల కోరిక మాత్రం సగమే తీరింది. గుణాలను రచయిత ఏ వరుసలో రాశాడు, విలువ చుట్టూ ఒంటి కొటేషన్ గుర్తు పెట్టాడా జంట గుర్తు పెట్టాడా, ట్యాగు లోపల ఎంత ఖాళీ విడిచాడు అన్న వివరాలకు సాక్స్ 2.0 కూడా హామీ ఇవ్వదు. మూలపాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా నిలపదలచిన ఎడిటర్ సాక్స్ ఒక్కదానిపైనే ఆధారపడలేదు.

2002లో జావా 1.4 వేదికలో సాక్స్ అంతర్భాగమైంది. ప్రయోగదశలో చర్చ సాగినంత స్వేచ్ఛగా ఆ తరువాత మార్పులు చేయడం సాధ్యం కాలేదు. వాడవద్దన్న సూచనతోనే అయినా, 1998 నాటి డాక్యుమెంట్ హ్యాండ్లర్ నేటికీ జావా గ్రంథాలయంలో కొనసాగుతోంది.