వేటకుక్కకు కూడు పెట్టు వేళ



కుక్కకు కూడు పెట్టుట యనగా మనము తినగా మిగిలిన మెతుకులు వాకిట వేయుట యని తలంచువారు పెక్కండ్రు కలరు. పని చేయు కుక్క విషయమున అది చాలదు. ఏమి పెట్టితిమన్న దానికంటె ఎప్పుడు పెట్టితిమన్నది ఒక్కొక్కప్పుడు ముఖ్యమగును. వేటకు బయలుదేరు కుక్కకు ముందుగా తిండి పెట్టవలెనా, పస్తుంచవలెనా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. దాని చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని.

నా బాల్యమున మాది మెట్టపొలముల యూరు. వేరుసెనగ చేలపై అడవిపందులు పడినప్పుడు ఊరివారు కుక్కలను తోడ్కొని తెల్లవారుజామున బయలుదేరెడివారు. ఒకనాడు ఒక యింటివారు తమ కుక్కకు ముందటి దినమంతయు ముద్ద పెట్టరైరి. ఆకలి మండినగాని కుక్క పందిమీదికి దూకదని వారి నమ్మకము. ప్రక్కయింటివారు దయగలవారు; బయలుదేరు వేళనే తమ కుక్కకు కడుపునిండ సంగటి పెట్టిరి. మొదటి కుక్క రెండు జాముల ప్రొద్దెక్కునప్పటికి కాళ్లు తడబడి చేనిగట్టున కూలబడెను. రెండవది కొంత దూరము పరుగెత్తి, తిన్నదంతయు కక్కుకొని, వెనుకబడెను. తుదివరకు నిలిచినది ఒక గొఱ్ఱెలకాపరి కుక్క. కారణమేమని నేనడుగగా ఆ వృద్ధుడు, “రాత్రి పెట్టిన సంగటేరా అబ్బీ, పొద్దున పరుగెత్తేది” అనెను.

ఆయనకు అక్షరజ్ఞానము లేదు. అయినను, తరువాతి కాలమున నేను చదివిన పూర్వుల వ్రాతలు ఆయన మాటనే బలపరచినవి.

క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకుదేశమున జెనొఫన్ అను నాతడుండెను. ఆతడు సోక్రటీసు శిష్యుడు, సేనానాయకుడు, చరిత్రకారుడు. ఆతని పేర కుక్కలతో వేటాడుటను గూర్చిన గ్రంథమొకటి నేటికిని నిలిచియున్నది. కుక్కపిల్లలకు బరువైన తిండి మితిమీరి పెట్టినచో కాళ్లు వంకరలు పోవుననియు, లోపల రోగములు పుట్టుననియు అందు హెచ్చరింపబడినది. వలలు తీయువేళ వాని చెంతనే చిన్న కుక్కలకు తిండి పెట్టవలెననియు, అట్లు చేసినచో దారితప్పినవి తిండికై తిరిగివచ్చి దక్కుననియు ఆతడు చెప్పెను. అంతకంటె లోతైన మాట మరియొకటి కలదు. కూడు యజమానుడు తన చేతనే పెట్టవలెనట! ఆకలిగొన్నప్పుడు ఆ యాకలికి కారకుడెవడో కుక్క యెరుగదు. ఆకలి వేళ తిండి దొరికినచో మాత్రము పెట్టినవానిని ప్రేమించునని ఆతడు కారణము చూపెను. పస్తు పెట్టి పౌరుషము పుట్టింతుమనువారు ఈ మాటను ఆలోచింపవలెను.

పిమ్మట దాదాపు అయిదువందల యేండ్లకు, అనగా క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో, రోమను చక్రవర్తి హేడ్రియను కొలువున ఒక రాష్ట్రమునకు అధిపతియైన అరియను అను గ్రంథకర్త ఈ విషయమునే చేపట్టెను. అలెగ్జాండరు దండయాత్రల చరిత్రను మనకందించినవాడీతడే. జెనొఫనుకు తెలియని కెల్టు జాతి వేగపు కుక్కలను గూర్చి వ్రాయుట ఈతని యుద్దేశము. హోర్మే అను తన కుక్కను గూర్చి ఈతడు బిడ్డను గూర్చినట్లు మురిసి వ్రాసెను. తిండి వేళను ఈతడు ఋతువును బట్టి నిర్ణయించెను. చలికాలమున దినమునకొక్కసారి, సాయంకాలము కావచ్చునప్పుడు పెట్టవలెను. వేసవిలో పగలు దీర్ఘమగుటచే కుక్క డస్సిపోకుండ నడుమ కొంచెము రొట్టెయు పెట్టవలెను. ప్రధానమైన తిండి సాయంకాలమునకు, అలసటను ఆపుటకు స్వల్పాహారము పగటికి: ఇదియే ఈతని విభాగము. మన కాపరి చెప్పిన దానికిని దీనికిని భేద మెంతటిదో మీరే చూడుడు.

పదునాలుగవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు ప్రభువు గాస్టన్ ఫీబస్ 1387లో ఆరంభించిన వేట గ్రంథమునందు ఈ ప్రశ్నకు రెండవ ముఖము కానవచ్చును. అది వేట ముగిసిన పిదపటి తిండి. దుప్పి పడిన తరువాత దాని తోలును నేలపై పరచి, రక్తముతో తడిపిన రొట్టె ముక్కలను దానిపై నుంచి కుక్కలను విడుచుట అక్కడి యాచారము. వేటగాండ్రు తమ భాగమునకై కుక్కలను మరచుట గాక, వాని భాగమును ఒక విధిగా జరిపిరి. పని ముగిసినగాని కూలి లేదు. పని ముగిసిన వెంటనే కూలి తప్పదు.

ఇక మన దిక్కునకు వత్తము. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటయు, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని వేటయు మీరెరిగినవే. కల్యాణపురము రాజధానిగా ఏలిన పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున వేటను గూర్చియు, కుక్కల వినోదమును గూర్చియు ప్రకరణములు కలవు. అయితే కుక్క ఋణమును మన పూర్వులెట్లు తీర్చిరో తెలుపు సాక్ష్యము కావ్యమున గాక ఒక శిలపై నున్నది.

అది కన్నడదేశమున మండ్య ప్రాంతపు ఆతకూరు శాసనము. శకవర్షము 872, అనగా క్రీ.శ. 949-50 నాటిది. రాష్ట్రకూట ప్రభువు మూడవ కృష్ణుడు తక్కోలము యుద్ధమున చోళులను గెలిచెను. ఆ యుద్ధమున గంగరాజు బూతుగుని యొద్ద మణలేరుడను వీరుడు శౌర్యము చూపెను. రాజు సంతసించి వరము కోరుకొమ్మనగా ఆతడు ‘కాళి’ యను వేటకుక్కను కోరెను. తరువాత ఒకనాడు గొప్ప పందిపై ఆ కుక్కను విడువగా, కుక్కయు పందియు ఒకదానిచే నొకటి మరణించెను. ఆతకూరి చల్లేశ్వరుని యెదుట ఆ కుక్క పేర శిల నిలిపి, భూమి నిచ్చిరి. ఆ శిలను పూజింపక అర్చకుడు భుజించినచో పాపము తగులునని కూడ అందు వ్రాసిరి. వేటలో ప్రాణమిచ్చిన కుక్కకు మొదట పూజ, తరువాత మనుష్యునకు భోజనము!

ఇక నేటి పశువైద్యులేమందురో వినుడు. నిండు భోజనము కుక్క కడుపు వీడుటకు పెక్కు గంటలు పట్టును. నిండిన కడుపుతో పరుగు పెట్టించినచో వాంతి యగును. రొమ్ము లోతుగల పెద్దజాతి కుక్కలకు కడుపు వాయువుతో ఉబ్బి మెలితిరుగు ప్రమాదమును కలదు. అది గంటలలో ప్రాణము తీయగలదు. మరియొక వంక, దూరము పరుగెత్తు కుక్కకు ముఖ్యమైన యింధనము శరీరమున నిలువయున్న క్రొవ్వు. అది ముందటి దినముల పోషణచే కూడినదే గాని బయలుదేరునప్పుడు మ్రింగిన ముద్దచే పుట్టునది కాదు. పస్తుంచి చిక్కిన కుక్క చాలసేపు శ్రమించినచో రక్తమున చక్కెర తగ్గి, తూలి, కూలవచ్చును. నా బాల్యమున చేనిగట్టున పడిన కుక్క నాకు నేటికిని కన్నుల గట్టుచున్నది.

కావున ఖాళీ కడుపు వేరు, ఆకలి వేరు. వేటనాటి ఉదయమున కడుపు తేలికగా నుండవలెను. ఒడలు మాత్రము ముందటి రాత్రి భోజనముతో బలిసియుండవలెను. పని దీర్ఘమైనచో విరామమున రెండు కబళములు, తరచుగా కొంచెము కొంచెము నీరు ఇయ్యవలెను. పని ముగిసి రొప్పు చల్లారిన పిమ్మట నిండు భోజనము పెట్టవలెను.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప అనుమతి లేక అడవిమృగములను వేటాడుట నేరము. నేను వేటకు ప్రోత్సహించుట లేదు. అయినను మంద వెంట రేయెల్ల తిరుగు కుక్కయు, చేనికి కావలియుండు కుక్కయు, దొంగల జాడ తీయు పోలీసు జాగిలమును నేటికిని మనకై శ్రమించుచునే యున్నవి. వానికిని ఈ న్యాయమే వర్తించును. నేటి రాత్రి మీ యింట భోజనమునకు కూర్చుండుటకు ముందు, రేపు మీకై పరుగెత్తవలసిన ఆ ప్రాణికి ముద్ద పడినదా యని ఒక్కసారి వాకిలి వైపు చూడుడు.