ఇంటి భాండారమునకు యంత్రము



మా తండ్రిగారు హరికథలు చెప్పెడివారు. 1980వ దశకమున ఆయన చెప్పిన కథలు కొన్ని క్యాసెట్లలోనికి ఎక్కినవి. టేపు బూజుపట్టి చెడుచుండగా, ఆ కథలను, పెండ్లిండ్ల చిత్రములను, పాత పాటలను ఒక్కచోట దాచి, ఇంటిలో ఎవరు ఏ గదిలో కూర్చుండి కోరినను వినిపింపగల యంత్రము నొకదానిని కొనవలెనని సంకల్పించితిని. దీనిని ఇంటి సర్వరందురు. ధాన్యమునకు గాదె యెట్టిదో, పాటలకును చిత్రములకును ఇది యట్టిది. అంగడివాడు యంత్రముయొక్క వేగమునే పొగడెను. నేను చరిత్ర చదువుకొన్నవాడను గనుక, వేగముమాట అటుంచి, లోపల దాచిపెట్టు పళ్లెముల, అనగా హార్డ్ డిస్కుల, పూర్వకథను ముందుగా విచారించితిని.

ఆ కథ అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి సాన్ హోసే పట్టణమున మొదలగుచున్నది. 1952లో ఐ.బి.ఎం. సంస్థ అచ్చట నొక ప్రయోగశాలను నెలకొల్పి రెనాల్డ్ జాన్సన్ అను నతనికి అప్పగించెను. ఈతడు మొదట బడిపంతులు. పరీక్షాపత్రములను దిద్దు యంత్రమును కల్పించి ఆ సంస్థలో చేరినవాడు. 1956లో వీరు వెలువరించిన యంత్రమునకు రామాక్ అని పేరు. రెండడుగుల వ్యాసముగల లోహపు పళ్లెములు 50, నడుమ సందు విడిచి, ఒకే ఇరుసునకు గ్రుచ్చబడి నిమిషమునకు 1200 చుట్లు తిరిగెడివి. అయస్కాంతపు పూత పూసిన ఆ పళ్లెముల నడుమ ఒక లోహహస్తము పైకి క్రిందికి కదలి, కావలసినచోట దూరి, అక్షరములను వ్రాయుచు చదువుచుండెను. బరువు టన్నునకు పైమాట. అంతటి యంత్రములో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి లెక్కకు ఒక్క చిన్నపాట! హరికథ మాట చెప్పనక్కరలేదు.

1973లో అదే సంస్థ పళ్లెములను, వ్రాయు తలలను కలిపి ధూళి చొరని పెట్టెలో మూసెను. వ్రాయు తల పళ్లెమునకు వెంట్రుకవాసికన్న తక్కువ యెత్తున గాలిపై తేలుచుండును; నడుమ ధూళికణము పడెనా, పళ్లెముపై గీతపడి అక్షరములు పోవును. 1980లో సీగేట్ వారి 5 మెగాబైట్ల చిన్న డిస్కు వచ్చి, బల్లమీది కంప్యూటరులలోనికి ఈ పళ్లెములకు దారి తీసెను.

1988వ సంవత్సరము నా దృష్టిలో మిక్కిలి ముఖ్యమైనది. బర్కిలీ విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు ఒక వ్యాసము ప్రకటించిరి. వెలహెచ్చు పెద్ద డిస్కు ఒకటికి బదులు చౌక డిస్కులను పెక్కింటిని కూర్చవచ్చును. కాని వానిలో ఏదో యొకటి తప్పక చెడును. చెడినను సరకు పోకుండునట్లు వ్రాయవలెను. ఇదియే వారి వాదము. ఉపాయము మన కరణముల కెరుకైనదే. నాలుగు గాదెల ధాన్యమును విడివిడిగా వ్రాసి, మొత్తమును వేరొక చీటీపై వ్రాసితిమనుకొనుడు. ఒక గాదె లెక్క చినిగిపోయినను, మొత్తమునుండి మిగిలిన మూటిని తీసివేసినచో పోయినది దొరకును. అంతకన్న సులువైనది, రెండు డిస్కులపై ఒకే వ్రాతను ఏకకాలమున వ్రాయుట. నేను దీనినే ఎంచుకొంటిని.

ఇంత తెలిసియు పొరపడితిని. ఆ రెండింటిని ఒకే దినమున ఒకే అంగడిలో కొంటిని. ఒకే ఈడు ఎద్దులు ఒకేసారి ముసలివగునని రైతుబిడ్డనైన నాకు తోచకపోయెను. మూడేండ్లకు ఒకటి చెడెను. బదులు చౌకదానిని తెచ్చితిని. అది పెంకుల పద్ధతిది. ఇంటికప్పుపై పెంకుమీదికి పెంకు జరిపినట్లు, ఒక వ్రాతవరుస ప్రక్కదాని అంచుపైకి వచ్చునట్లు ఇరికించి వ్రాయుదురు. చోటు కలిసివచ్చును గాని, నడుమ పెంకు మార్చవలెనన్న పైవరుసలను కదల్పవలసినట్లే, ప్రక్క వరుసలను గూడ మరల వ్రాయవలసి వచ్చును. పెట్టెపై ఈ మాట ఎచ్చటను లేదు. ఒక దినములో ముగియునని తలచిన ప్రతి నాలుగు దినములైనను ముగియలేదు. ఐదవనాడు మిగిలిన పాత డిస్కును ఆగిపోయెను.

క్యాసెట్లు పెక్కు ఇంటనే యుండుటచేత మరల ఎక్కించుకొంటిని. ‘సతీ సావిత్రి’ కథ క్యాసెట్టును మాత్రము, యంత్రములో నున్నదిగదా యని, నా చేతులతోనే పారవేసితిని.

అపుడు నాకు తిరుమల జ్ఞప్తికి వచ్చెను. తాళ్లపాకవారు తాటాకును నమ్మక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించిరి. అవి గుడిలోని అరలో శతాబ్దములు మరుగుపడియుండి 1922లో బయల్పడినవి. సంప్రదాయము చెప్పు సంకీర్తనలు 32,000. నేడు లభించినవి అందు సగమైనను లేవు. రాగి చెడలేదు. ఒక్కచోటనే యుండుటచేత పోయిన రేకునకు మారు లేకపోయెను. తాటాకు నూరు, రెండునూర్ల యేండ్లకు చివికినను, లేఖకులు తిరుగవ్రాయుటచే భారతము మనకు దక్కినది.

ఈ పర్యాయము యంత్రమును వేరువిధముగ నెంచితిని. ఇది రేయింబవళ్లు నడచునది. 10 వాట్లు ఎడతెగక వాడినచో ఏడాదికి 87 యూనిట్లు దాటును. పాటలు వినిపించుటకు గొప్ప ప్రాసెసరు అక్కరలేదు గనుక, చిన్నదానినే కొని, మిగిలిన సొమ్మును తన తప్పును తాను దిద్దుకొను మెమరీకి వెచ్చించితిని. డిస్కులు రెండును వేర్వేరు కాలములందు, వేర్వేరు అంగళ్లలో, పెంకుల పద్ధతి కాదని అడిగి తెలిసికొని కొన్నవి. వానిపై వ్రాయు పద్ధతి 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు వెలువరించిన జెడ్.ఎఫ్.ఎస్. అనునది. చెడిన డిస్కుకన్న, చెడక ఒక అక్షరమును మార్చి మౌనముగ నుండునది ప్రమాదకరము. ఈ పద్ధతి ప్రతి భాగమునకు ఒక సరిచూపు సంఖ్యను వేరుగ వ్రాసి, చదువునపుడెల్ల పోల్చి, తప్పున్న రెండవ ప్రతినుండి దిద్దును. మూడవ ప్రతి గుంటూరులో మా చెల్లెలి యింట నున్నది. సంక్రాంతికి పోయినపుడు క్రొత్తవి చేర్చి వత్తును.

‘సావిత్రి’కై మా ఊరివారినెల్ల అడిగితిని. పెదనాన్నగారి కుమారుని అటకపై నొక క్యాసెట్టు దొరకినది. మొదటి అరగంట లేదు. యముడు కనబడుచోటనుండి మా నాన్నగారి కంఠము వినవచ్చుచున్నది.