తూము తాళం ఒక్కడి చేతికి ఇయ్యకూడదు



ఈ మధ్య నలుగురు కూర్చున్న చోటల్లా ఒక మాట వినబడతా ఉంది. "ఢిల్లీలో ఒక గవర్నమెంటు, అమరావతిలో ఇంకొకటి, కింద మండలం, పంచాయతీ. ఒకరిని అడిగితే ఇంకొకరి మీదికి తోస్తారు. ఇంతమంది ఎందుకప్పా? పైన ఒక్కడే గట్టోడుంటే పనులు జరుగుతాయి" అని. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగినోళ్ళకు ఆ మాట నిజమే అనిపిస్తుంది. కానీ అది మనకే చేటు తెచ్చే మాట. ఎందుకో మన సీమ చరిత్రతోనే చెప్తాను. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

ముందు ఎవరి పని ఏదో చూద్దాం. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో మూడు జాబితాలు ఉన్నాయి. ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది, మూడోది ఇద్దరిదీ. సైన్యం, రైల్వే, దిగుమతి సుంకాలు కేంద్రం చేతిలో ఉంటాయి. వ్యవసాయం, భూమి, పోలీసు, సంతలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. మన పట్టుగూళ్ళ సంగతే తీసుకోండి. హిందూపురం గూళ్ళ మార్కెట్టును చూసుకునేది రాష్ట్రం. చైనా పట్టు మీద సుంకం ఎంతో తేల్చేది ఢిల్లీ. ఆ సుంకం తగ్గితే దెబ్బ ఇక్కడి గూళ్ళ ధరకు తగులుతుంది. హంద్రీ-నీవా కాలవ తవ్వేది రాష్ట్రం. కృష్ణా నీళ్ళలో ఏ రాష్ట్రానికి ఎంత వాటా అని తేల్చేది కేంద్రం వేసిన ట్రిబ్యునల్.

చెరువు కింద సేద్యం చేసినోళ్ళకు ఇది కొత్త కాదు. తూము ఎత్తేది నీరుగంటి. ఎవరి మడికి ఎంత అనేది ఊరి కట్టుబాటు. రెండూ ఒక్కడి చేతిలోనే పెడితే, వాని మడి నిండినాకే చివరి ఆయకట్టుకు నీళ్ళు.

అధికారం పంచడం రాజుల కాలంలోనూ ఉండింది. విజయనగర రాయలు నాయకులకు సీమలు ఇచ్చి, పన్ను వసూలు చేసుకోనిచ్చి, బదులుగా సైన్యం అడిగేవాళ్ళు. కానీ అది రాయల దయ. ఇచ్చిన సీమను రాజు వెనక్కి తీసుకోవచ్చు. రాజు బలహీనపడితే నాయకుడు ఎదురు తిరగవచ్చు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం పోయినాక రాజధాని మన పెనుకొండకు వచ్చింది. తర్వాత పెద్ద పెద్ద నాయకులు ఒక్కొక్కరే ఎవరికి వారైపోయినారు. మధ్యలో రైతును అడిగినోడు లేడు. ఈ కాలంలో తేడా ఏమంటే, రాష్ట్రం అధికారం ఢిల్లీ ఇచ్చిన ఇనాం కాదు. రాజ్యాంగం రాసిచ్చిన హక్కు, మనం ఓటుతో నింపేది.

ఆ హక్కుకు 1984లో పెద్ద పరీక్ష వచ్చింది.

ఎన్టీ రామారావు 1982 మార్చిలో పార్టీ పెట్టి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయినారు. 1984లో గుండె ఆపరేషన్ కోసం అమెరికా పోయి వచ్చిన రెండు మూడు రోజులకే, ఆగస్టు 16న, గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ను పదవి నుంచి తీసేసినారు. నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేసి, బలం చూపించడానికి నెల గడువు ఇచ్చినారు. సగం మించిన ఎమ్మెల్యేలు తన వెంటే ఉన్నారు, అసెంబ్లీలో లెక్క పెట్టండి అని రామారావు మొత్తుకున్నా వినలేదు. గవర్నరును పెట్టేది కేంద్రం. తనకు ముందుగా తెలియదని ప్రధాని ఇందిరా గాంధీ చెప్పినారు. జనం నమ్మలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎమ్మెల్యేలను కాపాడుకోవాలి. వాళ్ళను బెదిరించనూ వచ్చు, డబ్బుతో కొననూ వచ్చు. ఆంధ్రలో పోలీసు కొత్త ముఖ్యమంత్రి చేతిలో ఉంది. ముందు హైదరాబాదులో స్టూడియోలో ఉంచి, తర్వాత కర్ణాటకకు తీసుకుపోయినారు. నంది కొండ మీద పెట్టినారు. మన పెన్న పుట్టే కొండ అదే. కర్ణాటకలో అప్పుడు ముఖ్యమంత్రి జనతా పార్టీ రామకృష్ణ హెగ్డే. అక్కడి పోలీసు ఆయన మాట వింటుంది. ఢిల్లీ నుంచి ఒక ఆర్డరు వచ్చినంత మాత్రాన ఆ కొండ గేటు తెరుచుకోదు.

ఒక్క నిమిషం ఆలోచించండి. దేశమంతా ఒకటే ప్రభుత్వం, ఒకటే పోలీసు అయ్యుంటే ఆ ఎమ్మెల్యేలు ఎక్కడికి పోయేవాళ్ళు? సరిహద్దు దాటితే ఇంకొకరి అధికారం మొదలవుతుంది కాబట్టే వాళ్ళు నిలబడినారు. ఇక్కడ బంద్‌లు, ఊరేగింపులు జరిగినాయి. కొన్ని చోట్ల జనం ప్రాణాలు పోయినాయి. వేరే రాష్ట్రాల ప్రతిపక్ష నాయకులు వచ్చి నిలబడినారు. రామ్‌లాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చినారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి అయినారు. 1985 మార్చి ఎన్నికల్లో ఆయన మన హిందూపురం నుంచి గెలిచినారు. 1989లో, 1994లో కూడా ఇక్కడి నుంచే.

ఇది ఒక పార్టీ పాట కాదు. 1977లో జనతా ప్రభుత్వం తొమ్మిది కాంగ్రెస్ రాష్ట్రాల అసెంబ్లీలను రద్దు చేయించింది. 1980లో కాంగ్రెస్ తిరిగి వచ్చి అదే పని చేసింది. తాళం చేతికొస్తే ఎవరైనా అంతే.

1989లో కర్ణాటకలోనే బొమ్మై ప్రభుత్వాన్ని ఇట్లే తీసేసినారు. బొమ్మై కోర్టుకు పోయినారు. 1994 మార్చి 11న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు తీర్పు చెప్పినారు. మెజారిటీ ఉందా లేదా అనేది గవర్నరు ఇంట్లో కాదు, అసెంబ్లీలోనే తేలాల. రాష్ట్రపతి పాలన పెట్టినా కోర్టు దాన్ని పరిశీలించవచ్చు. ఆ తర్వాత ప్రభుత్వాలను ఇష్టమొచ్చినట్టు తీసేయడం బాగా తగ్గింది.

ఢిల్లీనే తప్పు పట్టి ఊరుకుంటే సగం మాటే చెప్పినట్టు. రాష్ట్రం కూడా కిందివాళ్ళ మీద అదే పెత్తనం చేస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 విషయాల్లో మొదటిది వ్యవసాయమే. మరి జరిగిందేమి? మన సర్పంచుల గడువు 2018లో అయిపోతే మళ్ళీ ఎన్నికలు పెట్టింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండు పార్టీల ప్రభుత్వాలు చూసినాం. రెండున్నరేళ్ళు ఊర్లను స్పెషల్ ఆఫీసర్లు నడిపినారు. ముఖ్యమంత్రిని తీసేస్తే ఊగిపోయిన మనం, సర్పంచు లేకున్నా పట్టించుకోలేదు.

అధికారం పంచితే పని ఆలస్యమవుతుంది, నిజమే. ఫైలు నాలుగు చోట్ల తిరుగుతుంది. కానీ ఒక్కడి చేతిలో పెడితే, వాడు తప్పు చేసిన పొద్దు మనం పోయి చెప్పుకునే గడప ఇంకొకటి ఉండదు. ఆలస్యానికి మందుంది. ఏ పని ఎవరిదో తెలుసుకొని సరైన ఆఫీసులో అర్జీ ఇయ్యాల. గూళ్ళ మార్కెట్టు తూకం బాగలేకుంటే ఎమ్మెల్యేను అడగండి. పట్టు సుంకం సంగతి ఎంపీని అడగండి. వీధి కాలవ, తాగునీళ్ళు సర్పంచును అడగండి. గ్రామసభ పెట్టకుంటే ఎందుకు పెట్టలేదని అడగండి.

మీ ఊర్లో చివరిసారి గ్రామసభ ఎప్పుడు జరిగిందో, ఎంతమంది పోయినారో రాయండి. మా ఊర్లో పోయినోళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.