ఘోస్ట్ (రాక్ బృందం)

ఘోస్ట్ 2006లో స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ నగరంలో పుట్టిన రాక్ బృందం. గాయకుడు పుర్రె ముఖంతో, పోపు వేషంలో వేదిక ఎక్కుతాడు. వాద్యకారులంతా ముసుగుల్లో ఉంటారు, వాళ్ళకు పేర్లుండవు. పాటలు, పాత్రలు, వాటి చుట్టూ అల్లిన కథ చాలా మటుకు టొబియాస్ ఫోర్జ్ అనే సంగీతకారుడి సృష్టి.

1981లో పుట్టిన ఫోర్జ్ మొదట డెత్ మెటల్ వాయించాడు. 1998లో మొదలైన రిపగ్నెంట్ బృందంలో మేరీ గోర్ అనే మారుపేరుతో పాడేవాడు. ఆ బృందం 2004లో విడిపోయింది. దాని ఏకైక పూర్తి ఆల్బమ్ మాత్రం మరో రెండేళ్ళకు గానీ బయటికి రాలేదు. 2006లో ఫోర్జ్ చేతికి ఒక గిటారు వరుస తట్టింది. ఆ వరుసకు సైతానుని కొలిచే మాటలే నప్పుతాయని అతనికి తోచింది. అలా పుట్టిన పాటే 'స్టాండ్ బై హిమ్', దానితోనే ఘోస్ట్ మొదలైంది.

గిటారు పట్టుకుని వెనక నిలబడాలన్నదే ఫోర్జ్ కోరిక. పేరున్న గాయకులను కొందరిని అడిగినా ఎవరూ ఒప్పుకోకపోవడంతో తానే పాడాడు. 2010 మార్చిలో మైస్పేస్ వెబ్‌సైట్‌లో మూడు పాటలు పెట్టగానే రికార్డు కంపెనీలు వెంటపడ్డాయి. అదే ఏడాది అక్టోబరులో తొలి ఆల్బమ్ 'ఓపస్ ఎపానిమస్' వెలువడింది, జర్మనీలో తొలి ప్రదర్శన జరిగింది.

ముసుగు రాక్‌కు కొత్త కాదు. కిస్ బృందం 1970లలోనే రంగులు పూసుకుంది, 1990లలో స్లిప్‌నాట్ ముసుగులు తొడిగింది. అయితే ఆ బృందాల మనుషులెవరో అభిమానులకు తెలుసు. ఘోస్ట్ అసలు మనుషులనే మాయం చేసింది. మొదట్లో గాయకుడి పాత్ర పేరు పాపా ఎమెరిటస్. తలపై పొడవాటి పోపు టోపీ, ముఖానికి సిలికాన్ తొడుగు, దానిమీద నలుపు తెలుపుల పుర్రె. వాద్యకారులు 'నేమ్‌లెస్ ఘూల్స్', అంటే పేరులేని పిశాచాలు. రసవాద చిహ్నాలే వాళ్ళ ఆనవాళ్ళు. పగటివేషగాణ్ణి ఊళ్ళో వేషం పేరుతోనే పిలిచినట్టు, అభిమానులూ పాత్రల పేర్లతోనే సరిపెట్టుకున్నారు. ఇంత భయంకరమైన వేషాల మధ్య రాగాలు మాత్రం పాప్ పాటలంత తీయగా ఉంటాయి. రాక్ సంగీతకారుడు డేవ్ గ్రోల్ నిర్మించిన 2013 నాటి చిన్న రికార్డులో ఘోస్ట్ పాప్ బృందమైన ఆబా పాటను కూడా పాడింది.

ఒక్కో ఆల్బమ్‌కు ఒక్కో పాపా రావడం ఆనవాయితీ. 2013లో 'ఇన్‌ఫెస్టిసుమామ్'తో రెండో పాపా, 2015లో 'మెలియోరా'తో మూడో పాపా వచ్చారు. వేషాలు మారినా లోపల ఉన్నది ఫోర్జే. 'మెలియోరా'లోని 'సిరీస్' పాటకు 2016లో గ్రామీ దక్కింది.

పేరు లేకపోవడమే చివరికి తగువైంది. 2017లో నలుగురు మాజీ సభ్యులు లాభాల్లో తమకూ వాటా ఉందంటూ లిన్‌షోపింగ్ జిల్లా కోర్టుకెక్కారు. ఆ దావాతో ఫోర్జ్ పేరు బహిరంగమైంది. తమ మధ్య భాగస్వామ్యం ఉండేదని వాళ్ళు వాదించారు. కోర్టు ఆ వాదనను అంగీకరించక, 2018 అక్టోబరులో ఫోర్జ్ పక్షాన తీర్పిచ్చింది. ఎవరినైనా మార్చేసే వీలు ముసుగులోనే ఉంది. బృందం ఎవరిదన్న ప్రశ్నకూ అక్కడే బీజం పడింది.

రహస్యం పోయాక కథ మరింత బాహాటంగా నాటకమైంది. 2017 సెప్టెంబరులో గోథెన్‌బర్గ్ ప్రదర్శనలో మూడో పాపాను ఇద్దరు మనుషులు వేదికమీంచి ఈడ్చుకుపోయారు, ఆ వెంటనే ఒక ముసలి పాపా ప్రత్యక్షమయ్యాడు. 2018 నాటి 'ప్రీక్వెల్' ఆల్బమ్‌కు కార్డినల్ కోపియా అనే కొత్త పాత్ర వచ్చింది. 2020 మార్చిలో మెక్సికో సిటీ వేదికమీద అతనికే నాలుగో పాపాగా పట్టం కట్టారు. 2019 నాటి 'మేరీ ఆన్ ఎ క్రాస్' పాట 2022లో టిక్‌టాక్ ద్వారా, మెటల్ వినని పిల్లల దాకా పాకింది. అదే ఏడాది 'ఇంపెరా' వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పాపా ఫైవ్ పెర్పెచువా పాత్రతో వచ్చిన 'స్కెలెటా' అమెరికా బిల్‌బోర్డ్ 200 పట్టికలో మొదటి స్థానానికి చేరింది.