హైదరాబాద్ కుస్తీ పట్లు

కుస్తీ పట్లు అంటే గోదాలో ప్రత్యర్థిని ఒడిసిపట్టి, నిలకడ తప్పించి, వెల్లకిలా పడగొట్టే పద్ధతులు. గుద్దులు, తన్నులు నిషిద్ధం. రెండు భుజాలూ నేలకు ఆనితే చిత్తయినట్టు.

ప్రాచీన మల్లయుద్ధం, పర్షియన్ మల్లవిద్య మొఘలుల కాలంలో కలిసి నేటి కుస్తీగా రూపొందాయి. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన 'మానసోల్లాసం'లో మల్లుల తరగతులు, ఆహారం, సాధన గురించిన వివరణ ఉంది. హైదరాబాద్‌లో సాధనశాలలను తాలీంఖానాలు అంటారు. లంగోటా కట్టిన పహిల్వాన్లు మెత్తగా తవ్విన మట్టిలో సాధన చేస్తారు.

ధోబీపఛాడ్ అనే పట్టులో ప్రత్యర్థి చేతిని రెండు చేతులా లాగి, వెన్ను అతని ఛాతీకి ఆనించి, నడుము వంచి భుజం మీదుగా ముందుకు విసురుతారు. జూడోలోని సెవోయి నాగే దీనికి దగ్గరిది. ఢాక్‌లో మెడ చుట్టూ చేయి వేసి తుంటి మీదుగా తిప్పి పడవేస్తారు. కలాజంగ్‌లో ఒక చేయి తొడల మధ్య దూర్చి, ప్రత్యర్థిని భుజాలపై అడ్డంగా ఎత్తి వేస్తారు.

తెలంగాణ జాతర కుస్తీల్లో చివరి పోటీ విజేతకు వెండి కడియం బహూకరించే ఆచారం ఉంది. హైదరాబాద్‌లో అబిడ్స్, నాంపల్లికి చేరువలోని ఫతే మైదాన్‌కు 1967లో లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మారింది. ఇక్కడ మట్టికి బదులు మ్యాట్‌పై కుస్తీ పోటీలు జరుగుతాయి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మ్యాట్‌పై పోటీ వలయం వ్యాసం 9 మీటర్లు.